సర్వే మాట – మన ఓటు



ఎలక్షన్లు వస్తున్నాయంటే ఊళ్ళో సందడి మొదలవుతుంది. మైకులు మోగుతాయి. జెండాలు కడతారు. కరపత్రాలు పంచుతారు. వీటితోపాటు ఇంకో మాట కూడా చెవిన పడుతుంది. అదే సర్వే.

"ఫలానా పార్టీకి ఇన్ని సీట్లు వస్తాయట. సర్వేలో తేలిందట" అంటారు. టీవీలో చెబుతారు. పేపర్లో రాస్తారు. ఫోనులో పంపుతారు. టీ కొట్టు దగ్గర మగవాళ్ళు దాని మీదే వాదించుకుంటారు.

ఇంకా ఎవరూ ఓటు వెయ్యలేదు. ఓట్లు లెక్కపెట్టలేదు. మరి ఎవరు గెలుస్తారో వీళ్ళకు ముందే ఎలా తెలిసింది? ఎవరిని అడిగారు? మనల్ని అడిగారా? ఆ మాట నమ్మాలా, వద్దా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. సర్వే అంటే ఏమిటి?

మన ఆలమూరు మండలం కొత్తపేట అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. కొత్తపేట, అమలాపురం పార్లమెంటు నియోజకవర్గంలో ఉంది. అమలాపురం కింద ఇలాంటి అసెంబ్లీ నియోజకవర్గాలు 7 ఉన్నాయి. అన్నీ కలిపి ఒక ఎంపీని ఎన్నుకుంటాయి. అలా అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి గారు 1998లో లోక్‌సభకు స్పీకరు అయ్యారు.

2024 ఎన్నికల్లో అమలాపురం నియోజకవర్గంలో 15 లక్షలకు పైగా ఓటర్లు ఉన్నారు. దేశం మొత్తం మీద దాదాపు 97 కోట్ల మంది ఉన్నారు. లోక్‌సభలో సీట్లు 543. మన ఆంధ్రప్రదేశ్‌కు 25.

ఇంతమందినీ ముందే అడగడం ఎవరి తరం? అందుకని కొందరినే అడుగుతారు. "మీ ఓటు ఎవరికి?" అని అడిగి రాసుకుంటారు. ఆ కొందరి మాటను బట్టి అందరి మాట ఊహించి చెబుతారు. దీన్నే సర్వే అంటారు. అభిప్రాయ సేకరణ అని కూడా అంటారు.

అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తాం? గిన్నెడు అన్నమూ తినం. ఒక్క మెతుకు పట్టి చూస్తాం. సర్వే కూడా అలాంటిదే.

కాని పులుసులో ఉప్పు చూసేటప్పుడు ఏం చేస్తాం? ముందు గరిటెతో బాగా కలుపుతాం. తర్వాతే చేతిలో చుక్క వేసుకుని చూస్తాం. కలపకపోతే పైన చప్పగా ఉంటుంది. అడుగున ఉప్పు కషాయంలా ఉంటుంది. సర్వే కూడా అంతే. అన్ని రకాల మనుషుల్నీ కలిపి అడగాలి. లేకపోతే రుచి తప్పు చెబుతుంది.

2. ఎవరిని అడిగారు?

సర్వే చేసే మనిషి ఒకడు జొన్నాడ దగ్గర హైవే మీద దిగాడనుకోండి. సెంటర్లో టీ కొట్టు దగ్గర 20 మందిని అడిగాడు. గోదావరి వంతెన దాటి రావులపాలెం బస్టాండులో ఇంకో 30 మందిని అడిగాడు. మొత్తం 50 మంది. పని అయిపోయిందని వెళ్ళిపోయాడు.

అతను ఎవరిని అడగలేదో ఆలోచించండి.

కలుపు తీతకు వెళ్ళిన ఆడవాళ్ళను అడగలేదు. బడుగువానిలంక, చెముడులంక లాంటి లంక ఊళ్ళ వాళ్ళను అడగలేదు. కొబ్బరికాయ దింపే వాళ్ళను, పీచు తీసే వాళ్ళను అడగలేదు. తెల్లారకుండా మడికి మార్కెట్టుకు కూరగాయలు తీసుకెళ్ళే వాళ్ళను అడగలేదు. ఇంట్లో మంచం మీద ఉన్న ముసలమ్మను అడగలేదు.

వీళ్ళందరికీ ఓటు ఉంది. టీ కొట్టు దగ్గర కూర్చున్న వాళ్ళ ఓటు ఎంతో, వీళ్ళ ఓటూ అంతే. కాని సర్వేలో వీళ్ళ మాట లేదు. అప్పుడు ఆ సర్వే ఊరి మాట అవుతుందా? టీ కొట్టు మాట అవుతుంది.

మంచి సర్వే చేసేవాళ్ళు ఇలా చెయ్యరు. ఓటర్ల జాబితా తీసుకుంటారు. చీటీలు తీసినట్టు ఎవరి పేరు వస్తే వాళ్ళ ఇంటికి వెళ్తారు. ఆ మనిషి ఇంట్లో లేకపోతే మళ్ళీ వస్తారు. పక్కింటి వాళ్ళను అడిగి సరిపెట్టుకోరు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, అన్ని కులాల వాళ్ళు, అన్ని పేటల వాళ్ళు ఉన్నారో లేదో చూసుకుంటారు.

3. ఇంటి గుమ్మంలో

ఒక ఇంటికి సర్వే అబ్బాయి వచ్చాడనుకుందాం. ఆ ఇంటి కోడలు బయటికి వచ్చింది. వాళ్ళ మాటలు చదవండి.

అబ్బాయి: అమ్మా, సర్వే కోసం వచ్చామండీ. ఇంట్లో మగవాళ్ళు ఉన్నారాండీ?

కోడలు: లేరండీ. చేలోకి వెళ్ళారు. ఏం కావాలండీ?

అబ్బాయి: పార్లమెంటు ఎలక్షన్ల గురించి నాలుగు మాటలు అడగాలండీ. ఆయన వచ్చాక మళ్ళీ వస్తానులెండి.

కోడలు: అదేం మాట బాబూ! ఓటు ఆయనకే ఉందా? నాకు లేదా? ఇంట్లో మా అత్తగారికి ఉంది. నాకూ ఉంది.

అబ్బాయి: నిజమేనండీ. మరి మిమ్మల్నే అడగమంటారా?

కోడలు: ఆయ్, అడగండి. కాని ముందు నేను అడుగుతాను. ఈ సర్వే ఎవరు చేయిస్తున్నారు? మా ఊళ్ళో ఎంతమందిని అడుగుతున్నారు? నా పేరు ఎవరికైనా చెబుతారా?

అబ్బాయి: పేరు బయట పెట్టమండీ. లెక్క మాత్రమే వేస్తాం.

కోడలు: సరే. ఊళ్ళో ఏం కావాలో చెబుతాను. మంచినీళ్ళ సంగతి చెబుతాను. కూలి సంగతి చెబుతాను. ఓటు ఎవరికన్నది మాత్రం నా మనసులోనే ఉంచుకుంటాను.

అబ్బాయి: అలాగేనండీ. చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం.

చూశారా! ఆ కోడలు మూడు మంచి పనులు చేసింది. తన మాట తానే చెప్పింది. అడిగేవాళ్ళను తిరిగి అడిగింది. చెప్పాలనుకున్నది చెప్పింది, దాచుకోవాలనుకున్నది దాచుకుంది.

చాలా ఇళ్ళల్లో ఇలా జరగదు. ఆడవాళ్ళు "నాకేం తెలుసండీ, మా ఆయన్ని అడగండి" అని తప్పుకుంటారు. అప్పుడు ఇంట్లో ముగ్గురి మాట ఒక్కరే చెబుతారు. మన ఊరికి ఏం కావాలో కూడా వాళ్ళే చెబుతారు. నీళ్ళు మోసేది మనం. నీళ్ళ కష్టం చెప్పాల్సింది ఎవరు?

4. అమెరికాలో జరిగిన కథ

ఇది నిజంగా జరిగింది. 1936లో అమెరికాలో అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. అక్కడ లిటరరీ డైజెస్ట్ అని ఒక పేరున్న పత్రిక ఉండేది. ఆ పత్రిక వాళ్ళు దాదాపు కోటి మందికి కార్డులు పంపారు. "మీ ఓటు ఎవరికి?" అని అడిగారు. 20 లక్షల మందికి పైగా జవాబు రాశారు. లాండన్ అనే ఆయన గెలుస్తాడని ఆ పత్రిక చెప్పింది.

జార్జి గాలప్ అనే ఇంకొకాయన కూడా సర్వే చేశాడు. ఆయన అడిగింది అంతకంటే చాలా తక్కువ మందిని. ఆయన రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పాడు.

ఓట్లు లెక్కపెట్టారు. 48 రాష్ట్రాల్లో 46 రాష్ట్రాలు రూజ్‌వెల్ట్ గెలిచాడు. పత్రిక మాట తప్పింది. గాలప్ మాట నిజమైంది.

అంతమందిని అడిగినా పత్రిక ఎందుకు తప్పింది? వాళ్ళు ఎక్కువగా కార్లు ఉన్నవాళ్ళ పేర్లు, టెలిఫోన్లు ఉన్నవాళ్ళ పేర్లు తీసుకుని కార్డులు పంపారు. ఆ రోజుల్లో అవి కలిగినవాళ్ళ ఇళ్ళల్లోనే ఉండేవి. పేదవాళ్ళను పెద్దగా అడగలేదు. పైగా కార్డు అందిన వాళ్ళలో నలుగురిలో ముగ్గురు జవాబే రాయలేదు. పేదవాళ్ళు రూజ్‌వెల్ట్‌కు ఓటు వేశారు.

దీన్ని బట్టి ఏం తెలిసింది? ఎంతమందిని అడిగారన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎవరిని అడిగారో చూడాలి.

5. సర్వే ఎందుకు తప్పుతుంది?

మొదటి కారణం: కొంచెం అటూ ఇటూ తేడా తప్పదు. వెయ్యి మందిని సరైన పద్ధతిలో అడిగినా, వందకు 3 అటూ ఇటూ కావచ్చు. సర్వేలో ఒక పార్టీకి వందకు 42, ఇంకో పార్టీకి 40 వచ్చాయనుకోండి. ఆ 42 నిజానికి 39 కావచ్చు, 45 కావచ్చు. ఆ 40 నిజానికి 37 కావచ్చు, 43 కావచ్చు. అప్పుడు ఎవరు ముందున్నారో ఎవరు చెప్పగలరు?

రెండో కారణం: ఓట్లు వేరు, సీట్లు వేరు. ఈ లెక్క చూడండి. మూడు నియోజకవర్గాలు. ఒక్కోదానిలో 100 ఓట్లు. నిచ్చెన గుర్తు, తాళంచెవి గుర్తు పోటీ పడ్డాయనుకుందాం.

మొదటి చోట: నిచ్చెనకు 51, తాళంచెవికి 49.
రెండో చోట: నిచ్చెనకు 51, తాళంచెవికి 49.
మూడో చోట: నిచ్చెనకు 10, తాళంచెవికి 90.

నిచ్చెనకు మొత్తం 112 ఓట్లు. తాళంచెవికి 188 ఓట్లు. కాని నిచ్చెనకు 2 సీట్లు, తాళంచెవికి 1 సీటు! ఎక్కువ ఓట్లు వచ్చినా తక్కువ సీట్లు రావచ్చు. 2024లో మన రాష్ట్రం అసెంబ్లీ ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి వందకు 39 ఓట్లు పడ్డాయి. కాని 175 సీట్లలో వచ్చినవి 11. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164 వచ్చాయి. అందుకే ఓట్లు ఊహించిన వాళ్ళు కూడా సీట్ల దగ్గర తప్పుతారు.

మూడో కారణం: అందరూ మనసులో మాట చెప్పరు. కొందరికి భయం. కొందరికి మొహమాటం. ఏ జెండా వాళ్ళు అడిగితే వాళ్ళకే వేస్తామంటారు.

నాలుగో కారణం: మనసు మారుతుంది. నెల ముందు అనుకున్నది ఓటు వేసే రోజుకు ఉండకపోవచ్చు.

ఐదో కారణం: కొన్ని సర్వేలు సర్వేలే కావు. గాలి మాకే ఉందని చెప్పుకోవడానికి ఎవరో అంకెలు రాసి ఫోన్లలో పంపిస్తారు. ఎవరినీ అడగరు.

6. జరిగిన సంగతులు

2004లో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. వాజ్‌పేయి గారి ప్రభుత్వమే మళ్ళీ వస్తుందని చాలా సర్వేలు చెప్పాయి. మే 13న ఓట్లు లెక్కపెట్టారు. ప్రభుత్వం మారింది. మన్మోహన్ సింగ్ గారు ప్రధానమంత్రి అయ్యారు.

2019లో లగడపాటి రాజగోపాల్ గారి సర్వే గురించి తెలుగువాళ్ళంతా చెప్పుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం గెలుస్తుందని ఆయన అన్నారు. కాని వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 సీట్లు వచ్చాయి. తెలుగుదేశానికి 23 వచ్చాయి.

అదే 2019లో కేంద్రంలో ఎన్డీయే కూటమి మళ్ళీ గెలుస్తుందని చాలా సర్వేలు చెప్పాయి. అలాగే గెలిచింది. అంటే సర్వే నిజం కావచ్చు కూడా.

2024లో ఎన్డీయే కూటమికి 543 సీట్లలో 350కి పైగా వస్తాయని చాలా సర్వేలు అన్నాయి. వచ్చినవి 293. ప్రభుత్వం ఆ కూటమిదే వచ్చింది. సీట్ల లెక్క మాత్రం తప్పింది.

ఒకసారి నిజమవుతుంది. ఒకసారి తప్పుతుంది. ఒక్కోసారి సగం నిజమవుతుంది. సర్వే ఊహ. ఓటు నిజం.

7. చట్టం ఏం చెబుతుంది?

ఓటు వేసి బయటికి వచ్చిన వాళ్ళను అడిగి చేసే సర్వేను ఎగ్జిట్ పోల్ అంటారు. 2024లో మనం మే 13న ఓటు వేశాం. కాని ఎగ్జిట్ పోల్ లెక్కలు జూన్ 1 సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఎందుకు? ఇతర రాష్ట్రాల్లో ఎన్నికలు జూన్ 1 దాకా జరిగాయి. ఇక్కడి లెక్కలు ముందే చెబితే అక్కడి వాళ్ళ మనసు మారవచ్చు. అందుకని 2009లో చట్టంలో కొత్త నియమం చేర్చారు. ఎన్నికలు మొదలైనప్పటి నుంచి, అన్ని చోట్లా ముగిసి అరగంట గడిచే దాకా ఎగ్జిట్ పోల్ చెప్పకూడదు. చెబితే 2 సంవత్సరాల దాకా జైలు వెయ్యవచ్చు, జరిమానా వెయ్యవచ్చు, రెండూ వెయ్యవచ్చు.

మామూలు సర్వేలకూ హద్దు ఉంది. ఓటింగు ముగియడానికి ముందు 48 గంటలు వాటిని టీవీలో చూపకూడదు. ఆ రెండు రోజులూ ఓటరు నిదానంగా ఆలోచించుకోవాలని ఈ నియమం.

8. సర్వే పేరుతో వచ్చే మోసం

కొందరు సర్వే అని వస్తారు. ఓటరు కార్డు చూపమంటారు. ఆధార్ నంబరు, బ్యాంకు నంబరు అడుగుతారు. "మా పార్టీ గెలిస్తే మీకు ఇంత డబ్బు వస్తుంది, ఇక్కడ సంతకం పెట్టండి" అంటారు. ఇది సర్వే కాదు. ఓటుకు ఎర. 2024 మే 2న ఎన్నికల సంఘం అన్ని పార్టీలకూ ఈ మాటే చెప్పింది. సర్వే పేరుతో, రాబోయే పథకాలకని ఓటర్ల పేర్లు రాసుకోవడం ఆపమని చెప్పింది.

నిజమైన సర్వేకు ఆధార్ అక్కరలేదు. బ్యాంకు పుస్తకం అక్కరలేదు. వేలిముద్ర అక్కరలేదు. ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరు అసలే అక్కరలేదు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అనుమానం వస్తే 1950 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

9. సర్వే, పందెం, ఇల్లాలి కన్నీరు

మన గోదావరి జిల్లాల్లో ఎలక్షన్ల మీద పందేలు కాయడం అందరికీ తెలిసిన సంగతే. "సర్వే వచ్చింది, ఇక తిరుగులేదు" అంటారు. పంట డబ్బు పెడతారు. అప్పు తెచ్చి పెడతారు. ఇంట్లో బంగారం కూడా తాకట్టుకు వెళ్తుంది.

పందెం కాసేటప్పుడు ఇల్లాలిని అడగరు. ఓడిపోయాక అప్పు మాత్రం ఇల్లంతా తీర్చాలి. పిల్లల ఫీజు ఆగిపోతుంది. డ్వాక్రా కిస్తీ ఆగిపోతుంది. పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్ళ సర్వేలే తప్పుతున్నాయి. అలాంటి ఊహ మీద ఏడాది కష్టం పెట్టడం తెలివేనా? పైగా పందెం కాయడం చట్టానికి విరుద్ధం.

ఈ సంగతి ఇంట్లో చెప్పండి. ఒక్కరే చెబితే వినకపోతే సంఘం మీటింగులో మాట్లాడండి. నలుగురూ కలిసి చెబితే వింటారు.

10. మరి మనం ఏం చెయ్యాలి?

"ఫలానా వాళ్ళు ఎలాగూ గెలుస్తారట. ఇక నేను వెళ్ళి వేసేదేముంది? ఒక కూలి పోవడం తప్ప" అని కొందరు ఇంట్లో ఉండిపోతారు. ఇంకొందరు "గెలిచే వాళ్ళకే వేద్దాం, ఓటు వృథా కాకూడదు" అంటారు. రెండూ తప్పే. ఓటు పందెం కాదు. గెలిచే గుర్తు కనిపెట్టినందుకు బహుమతి ఏమీ రాదు. ఎవరు మేలు చేస్తారని మనకు తోస్తే వాళ్ళకు వెయ్యడమే ఓటు.

మన ఓటు రహస్యం. మిషను మీద మీట నొక్కుతాం. పక్కన చీటీ 7 సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది. ఎవరికి వేశావో చెప్పమని బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. నాయకుడికి లేదు. ఆసామికి లేదు. మొగుడికి కూడా లేదు.

2024 ఎన్నికల్లో దేశంలో 31 కోట్లకు పైగా ఆడవాళ్ళు ఓటు వేశారు. సర్వే వాళ్ళు మన గుమ్మంలోకి రాకపోవచ్చు. మన మాట అడగకపోవచ్చు. కాని ఓట్లు లెక్కపెట్టే రోజున మన ఓటు లెక్కపెట్టకుండా ఎవరూ ఫలితం చెప్పలేరు.

గుర్తుంచుకోండి

• సర్వే అంటే కొందరిని అడిగి అందరి మాట ఊహించడం.
• ఎంతమందిని అడిగారు, ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎవరు చేయించారు – ఈ నాలుగూ తెలియనిదే సర్వేను నమ్మకూడదు.
• సర్వేలో మన మాట మనమే చెప్పాలి. ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదు.
• సర్వే అడిగినవాళ్ళకు ఆధార్, బ్యాంకు నంబరు, ఓటీపీ ఇవ్వకూడదు.
• సర్వే చూసి పందెం కాయకూడదు. సర్వే చూసి ఓటు మానకూడదు.

చేసి చూడండి

ఒక చేటలో 60 చింతపిక్కలు, 40 మొక్కజొన్న గింజలు పోయండి. బాగా కలపండి. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటిగా 10 గింజలు తియ్యండి. చింతపిక్కలు ఎన్ని వచ్చాయో పలక మీద రాయండి. గింజలు మళ్ళీ చేటలో వేసి కలపండి. ఇలా ఐదుగురు చెయ్యండి. అందరికీ 6 వచ్చాయా? ఎవరికి ఎక్కువ వచ్చాయి? ఎవరికి తక్కువ వచ్చాయి? ఈసారి 30 గింజలు తీసి చూడండి. తర్వాత చింతపిక్కలన్నీ ఒక పక్కకు జరిపి, ఆ పక్క నుంచే 10 తియ్యండి. ఏమైంది? ఎందుకైంది?

కొత్త మాటలు

నియోజకవర్గం – ఒక ప్రతినిధిని ఎన్నుకునే ప్రాంతం
అభిప్రాయం – మనసులోని మాట
కూటమి – కలిసి పోటీ చేసే పార్టీల జట్టు
ఫలితం – ఓట్లు లెక్కపెట్టాక తేలిన సంగతి
రహస్యం – ఇతరులకు తెలియనిది

జవాబులు రాయండి

1. పులుసు కలపకుండా ఉప్పు చూస్తే ఏమవుతుంది? సర్వేకు, దీనికి పోలిక ఏమిటి?
2. 1936లో అమెరికా పత్రిక మాట ఎందుకు తప్పింది?
3. 2024లో మనం ఓటు వేసింది ఏ రోజు? ఎగ్జిట్ పోల్ లెక్కలు వచ్చింది ఏ రోజు?
4. మీ ఊళ్ళో సర్వే చేస్తే ఎవరెవరిని తప్పకుండా అడగాలి? ఐదు రకాల వాళ్ళ పేర్లు రాయండి.

చర్చించండి

మీ ఇంటికి సర్వే వాళ్ళు వచ్చి "మగవాళ్ళు ఉన్నారా?" అని అడిగితే మీరు ఏమంటారు? సంఘంలో ఒకరు సర్వే అబ్బాయిగా, ఒకరు కోడలుగా, ఒకరు అత్తగా నిలబడి మాట్లాడండి. మిగతా వాళ్ళు విని, ఇంకా ఏం అడగాలో చెప్పండి.